చెవులు మూసిన ఇంజను

కొండమీది ఆసుపత్రికి రోగిని తీసుకెళ్ళాలంటే ఆ పేటలో ముందు డ్రైవరమ్మకే కబురు వెళ్ళేది. అమ్మానాన్నా పెట్టిన పేరు ఆమెకి వేరే ఉంది గానీ, అద్దె కారు నడపడం మొదలుపెట్టాక అది కాగితాలకే పరిమితమైపోయింది. నెలలు నిండినవాళ్ళని, కుట్లు ఇంకా ఆరనివాళ్ళని ఆమె కారెక్కించి ఇంట్లోవాళ్ళు గుండె మీద చెయ్యేసుకుని నిద్రపోయేవారు. ఆమె బ్రేకు వేస్తే వెనకసీటులో ఉన్నవాళ్ళ చేతిలోని గ్లాసు తొణికేది కాదు. ఆ మాట ఆమె ఎప్పుడూ చెప్పుకోలేదు. ఎక్కినవాళ్ళే చెప్పేవారు.

ఆమె భర్తని వీధి వీధంతా పరపతి అని పిలిచేది. రైలు టిక్కెట్టు కావాలన్నా, కరెంటు మీటరు మార్చాలన్నా, ఆఖరికి పిల్లాడికి పన్ను పీకించాలన్నా "అక్కడ మనవాడున్నాడు" అనేవాడు. చాలాసార్లు ఉండేవాడు కూడా. ఉద్యోగమంటూ ఒకటి స్థిరంగా లేకపోయినా మనుషుల్ని పోగుచేసుకోవడంలో అతనికి విసుగు లేదు. కారు తోమడం, టైర్లలో గాలి చూడటం, పెట్రోలు పోయించుకు రావడం అతని వంతు. సాయంత్రం ఆమె ఇంటికొచ్చి తాళాలు బల్లమీద పెడితే, అతను వాటిని వేలికి తగిలించుకుని, "నేను నింపుకొస్తాలే, నువ్వు కాళ్ళు చాపుకో" అని వెళ్ళేవాడు. మొగుడు అంతమాత్రం సాయం చేయడమే గొప్ప అని పక్కింటావిడ అసూయపడేది.

ఆమె అన్నయ్య మెకానిక్కు. అతన్ని చెవి మేస్త్రి అనేవారు. పొడుగాటి స్క్రూడ్రైవరు మొన ఇంజను మీద ఆనించి, పిడి చెవికి నొక్కిపెట్టి, కళ్ళు మూసుకుని వినేవాడు. ఏ వాల్వు వదులైందో, ఏ బేరింగు అరిగిందో విప్పకుండానే చెప్పేవాడు. పాత కార్ల రోజుల్లో అతని షెడ్డు ముందు బళ్ళు బారులు తీరేవి. అప్పట్లో ఇంజను పక్కన డిస్ట్రిబ్యూటరు అని టోపీ పెట్టుకున్న డబ్బా ఒకటి ఉండేది. ఏ సిలిండరులో ఎప్పుడు నిప్పురవ్వ పడాలో అదే పంచిపెట్టేది. మేస్త్రి దాని బోల్టు వదులుచేసి, ఇంజను తిరుగుతుండగానే డబ్బాని గోరంత అటూ, గోరంత ఇటూ తిప్పి, చెవికి ఇంపుగా వినిపించిన చోట బిగించేసేవాడు. "ఇదీ దీని శ్రుతి" అనేవాడు. బండి బాణంలా పోయేది.

కొత్త కార్లొచ్చాక తిప్పడానికేమీ మిగల్లేదు. డిస్ట్రిబ్యూటరు పోయింది. దాని బదులు చీమల కాళ్ళంత తీగలతో ఒక కంప్యూటరు డబ్బా వచ్చింది. దానికి అతని చెవితో పని లేదు. షెడ్డు ముందు బారు తగ్గింది. "డబ్బా బళ్ళు" అని వాటిని అతను ఛీత్కరించేవాడు. చెల్లెలు కొన్నది కూడా డబ్బా బండే. కొన్నరోజు అతను బానెట్ ఎత్తి చూసి, మూసేసి, "రంగు బావుంది" అని ఊరుకున్నాడు.

మూడేళ్ళు ఆ కారు నోరెత్తకుండా పనిచేసింది. తరవాత వర్షాలు వెలిసిన రోజుల్లో మొదలైంది నస. ఎక్కుడు రోడ్డు వస్తే చాలు, కడుపునిండా తిన్నవాడిలా ఆయాసపడేది. ఇదివరకు మూడో గేరులో ఎక్కిన మలుపుకి రెండో గేరు అడిగేది. ట్యాంకు కూడా తొందరగా ఖాళీ అయ్యేది. డ్రైవరమ్మ మొదట అన్నయ్య దగ్గరికే తీసుకెళ్ళింది. అతను స్క్రూడ్రైవరు పెట్టి విన్నాడు. ప్లగ్గులు విప్పి చూశాడు. గాలి ఫిల్టరు దులిపాడు. "ఇంజను రాయిలా ఉంది చెల్లాయ్. రోగమంతా ఆ డబ్బాలోనే" అని తేల్చాడు.

డబ్బాలో రోగమైతే డబ్బాని చూడగలవాళ్ళే చూడాలని ఆమె కంపెనీ వర్క్‌షాపుకి వెళ్ళింది. అక్కడ స్కానరు పట్టుకుని తిరిగే ఒక అమ్మాయి ఉంది. జుట్టు ముడివేసి, టోపీ పెట్టుకుని, మోచేతులదాకా గ్రీజుతో ఉంటుంది. ఆ అమ్మాయి స్టీరింగు కింద తీగ గుచ్చి, పక్కసీట్లో కూర్చుని, "అక్కా, ఆ వంతెన ఎక్కించి తీసుకురండి" అంది. వంతెన ఎక్కుతున్నంతసేపూ తెర మీద అంకెలు చూసింది.

"మీ బండికి రోగం లేదు. మీ బండి జాగ్రత్తపడుతోంది" అంది తిరిగొచ్చాక.

"జాగ్రత్తేమిటమ్మాయ్, కొండెక్కనని మొరాయిస్తుంటే?"

ఆ అమ్మాయి చెయ్యి తుడుచుకుని చెప్పడం మొదలుపెట్టింది. చెప్పడం ఆమెకి ఇష్టమని తెలిసిపోతూనే ఉంది. "పిస్టన్ పైకి చేరాక నిప్పు పెడితే ఆలస్యమైపోతుందక్కా. మంట అంటుకుని పెద్దదవడానికి కాస్త వ్యవధి పడుతుంది కదా. అందుకని పిస్టన్ ఇంకా పైకి వస్తుండగానే నిప్పురవ్వ పడాలి. ఎంత ముందు అనేది మాత్రం ఎప్పుడూ ఒకటే కాదు. ఇంజను వేగంగా తిరుగుతుంటే ఇంకా ముందు పడాలి. బరువు లాగుతుంటే కాస్త వెనక్కి. వేడెక్కితే ఇంకో లెక్క. కింద పళ్ళచక్రం ఒకటుంది, దాంట్లో కావాలనే ఒక పన్ను తీసేసి ఉంచుతారు. ఆ ఖాళీ వచ్చినప్పుడల్లా పిస్టన్ ఎక్కడుందో డబ్బాకి తెలుస్తుంది. గాలి ఎంత వస్తోందో, నీళ్ళు ఎంత కాగాయో అన్నీ చూసుకుని, ప్రతి నిప్పురవ్వకీ విడిగా వేళ నిర్ణయిస్తుంది."

"మరి మా దానికి వేళ తప్పిందా?"

"తప్పలేదు. అదే వెనక్కి జరుపుకుంటోంది. ఇంజను గోడకి ఒక చిన్న సెన్సరు బిగించి ఉంటుంది, దానిది చెవి లాంటి పని. లోపల పెట్రోలు మనం పెట్టిన నిప్పుతో కాకుండా తనంతట తాను పేలిందనుకోండి, టంగుమని కొట్టుకుంటుంది. అది వినగానే డబ్బా నిప్పురవ్వని కొంచెం ఆలస్యం చేస్తుంది. చప్పుడు ఆగితే మళ్ళీ మెల్లమెల్లగా ముందుకి తెస్తుంది. మీ బండిలో ముందుకి తెచ్చినప్పుడల్లా చప్పుడొస్తోంది. అందుకే వెనక్కే ఉండిపోయింది. అలా ఉంటే బలం తగ్గుతుంది, పెట్రోలు ఎక్కువ తాగుతుంది. కానీ ఇంజను బతికుంటుంది." తీగ చుట్టేసుకుంటూ ఆ అమ్మాయి అడిగింది, "పెట్రోలు ఎక్కడ పోయిస్తున్నారక్కా? అందులో ఏదో కలిసిందనిపిస్తోంది."

ఆ రాత్రి భోజనాల దగ్గర ఆమె ఆ అమ్మాయి చెప్పిందంతా చెప్పి, పెట్రోలు సంగతి భర్తని అడిగింది. అన్నయ్య కూడా ఉన్నాడు. అతని భార్య పుట్టింటికి వెళితే ఇక్కడే తింటున్నాడు.

"ఎక్కడేమిటి, బంకులోనే" అన్నాడు పరపతి. "నేనేమన్నా మట్టినూనె పోసుకొస్తున్నానా? ఆ పిల్లెవరో నోటికొచ్చింది చెబితే నువ్వొచ్చి నన్ను నిలదీస్తున్నావు. పొద్దుటినుంచీ ఇంటి పనీ బండి పనీ చేస్తున్నందుకు బాగానే ఉంది బహుమానం."

గుమ్మడికాయల దొంగ ఎవరంటే భుజాలు తడుముకోవడం ఆమె గమనించకపోలేదు. కానీ పద్దెనిమిదేళ్ళ కాపురంలో మొగుడి కోపం ఏది నిజమో, ఏది అడ్డుగోడో వెతికే అలవాటు ఆమెకి పోయింది.

పరపతి బావ వైపు తిరిగాడు. "చూశావా బావా, మన చేతిలో విద్య పెట్టుకుని ఆ పిల్ల చుట్టూ తిరగడమేమిటి? డబ్బా భయపడుతోందట. భయం పోగొట్టే మందు నీ దగ్గర లేదూ?"

చెవి మేస్త్రి మెతుకులు కెలుకుతూ కూర్చున్నాడు. ఈ మధ్య ఎవరూ అతన్ని ఏదీ బతిమాలుకుని అడగలేదు. "మనుషులు చేసిందే కదా" అన్నాడు చివరికి. "రేపు షెడ్డుకి తీసుకురా."

మర్నాడు ఆమె బయట బెంచీ మీద కూర్చుంటే లోపల అరగంటలో పని ముగిసిపోయింది. "ఏం చేశావన్నయ్యా?" అంటే, "చిన్న సర్దుబాటు. నీకు చెప్పినా తెలీదులే" అన్నాడు. ఆమె నడిపి చూసింది. వంతెన మూడో గేరులో ఎక్కింది. గట్టిగా తొక్కితే కారు ముందుకి దూకింది. మూడేళ్ళ కిందటి పడుచుదనం తిరిగొచ్చినట్టుంది. ఆమె మనసారా నవ్వితే, అన్నయ్య ముఖం వెలిగిపోయింది. ఆ వారమంతా పరపతి వీధి మొదట్లో టీ కొట్టు దగ్గర నిలబడి, కంపెనీవాళ్ళ వల్ల కానిది మా బావ ఒక్క చేత్తో చేశాడని ఊదరగొట్టాడు.

కొన్నాళ్ళకి ఆమెకి ఒక చప్పుడు వినిపించసాగింది. చదునుమీద ఏమీ లేదు. ఎక్కుడు రోడ్డులో బరువు పడ్డప్పుడు మాత్రం, సీసాలో నాలుగు గులకరాళ్ళు వేసి ఆడించినట్టు గలగలమనేది. ఆమె అన్నయ్యని పక్కన కూర్చోబెట్టుకుని కొండదారిలో రెండు మలుపులు ఎక్కించింది.

"అదిగో, విను" అంది.

అతను తల వంచి, కళ్ళు మూసుకుని విన్నాడు. "ఏదీ?"

"ఇప్పుడు, ఇప్పుడు. గాజుముక్కల్లాగా."

"ఏమీ లేదు చెల్లాయ్. ఇంజను వెన్నలా ఉంది. లేనిపోని అనుమానాలు పెట్టుకోకు."

ఊరంతా మెచ్చిన చెవి అది. చిన్నప్పుడు అర్ధరాత్రి వీధి మలుపులో తండ్రి సైకిలు చప్పుడు అందరికంటే ముందు పసిగట్టిన చెవి. ఆమె తన చెవినే తప్పుపట్టుకుంది. అప్పటినుంచీ కొండెక్కేటప్పుడు రేడియో కాస్త గట్టిగా పెట్టేది.

తపాలాయన ఆమె కారెక్కడం మొదలై ఏడాది దాటింది. ఆ పేటలోనే ఉత్తరాలు పంచి రిటైరైన మనిషి. భార్యకి మూత్రపిండాలు చెడి కొండమీది ఆసుపత్రికి తరచూ వెళ్ళాల్సొచ్చేది. ఇద్దరూ వెనకసీట్లో కూర్చుంటే, ఆవిడ మందులసంచీ ఒళ్ళో పెట్టుకునేది, ఆయన కిటికీలోంచి ఇళ్ళు చూపిస్తూ, "ఈ ఇంట్లో కుక్క నన్ను రెండుసార్లు కరిచింది" లాంటి కబుర్లు చెప్పేవాడు. అవే కబుర్లు ప్రతిసారీ. ఆవిడ ప్రతిసారీ కొత్తగా విన్నట్టు "అయ్యో" అనేది. ఆ రోజుల్లో ఆవిడని ఆసుపత్రిలోనే ఉంచేశారు. ఆయన ఒక్కడే వెళ్ళి చూసొస్తున్నాడు.

ఒకరోజు మధ్యాహ్నం ఆయన చెప్పులు కూడా సరిగ్గా వేసుకోకుండా వచ్చాడు. "ఆసుపత్రినుంచి ఫోను వచ్చిందమ్మా. తెలివిలోనే ఉందట, నన్ను అడుగుతోందట. తొందరగా రమ్మన్నారు."

ఆమె అన్నం ముందునుంచి లేచింది. ఊరు దాటేదాకా ఒడుపుగా తీసుకెళ్ళింది. కొండదారి మొదలయ్యాక కాలు తియ్యలేదు. ఎండ మండిపోతోంది. రేడియో లేకపోవడంతో గులకరాళ్ళ చప్పుడు తేటగా వినిపిస్తోంది, ఈసారి ఆగకుండా. వేగం తగ్గించమని ఒళ్ళంతా చెబుతున్నా వెనక ఆయన ముందుసీటు అంచు పట్టుకుని కూర్చున్న తీరు అద్దంలో కనబడుతోంది. నాలుగో మలుపు తిరుగుతుండగా లోపల ఏదో తెగినట్టు ధడాలుమంది. వెనక తెల్లటి పొగ కమ్మేసింది. బండి వణికి, రెండు గజాలు పాకి, ఆగిపోయింది.

ఆమె తాళం తిప్పింది. మళ్ళీ తిప్పింది. ఇనుము ఇనుముని కొట్టుకోవడం తప్ప ఏమీ లేదు. రోడ్డు మధ్యలో నిలబడి చేతులు ఊపింది. దిగేవే తప్ప ఎక్కే బళ్ళు లేవు. తపాలాయన ఎండలో రాతిమీద కూర్చుని రోడ్డు కిందికి చూస్తూ ఉండిపోయాడు. చాలాసేపటికి గ్యాస్ సిలిండర్ల లారీ ఒకటి వస్తే, ఆయన్ని ఎత్తి డ్రైవరు పక్కన కూర్చోబెట్టారు.

ఆయన వెళ్ళేసరికి ఆవిడ కళ్ళు మూతపడ్డాయి. కాసేపటిదాకా "వచ్చారా, వచ్చారా" అని అడుగుతూనే ఉందని నర్సు చెప్పిందట. ఆ సంగతి డ్రైవరమ్మకి మర్నాడు తెలిసింది.

కారుని తాడు కట్టి కంపెనీ వర్క్‌షాపుకే లాగించింది. అన్నయ్య షెడ్డుకి తోలమని భర్త ఎంత చెప్పినా వినలేదు. ఎందుకు వినలేదో అప్పుడు ఆమెకే తెలీదు. స్కానరు అమ్మాయి ఇంజను విప్పి కబురుపెట్టింది. బల్లమీద గుడ్డ పరిచి పిస్టన్ పెట్టింది. దాని తలమీద వేలు పట్టేంత కన్నం. అంచులు మైనంలా కరిగి కారి గట్టిపడ్డాయి.

"అక్కా, చెవి సెన్సరు ఎవరన్నా విప్పారా?"

"మా అన్నయ్య ఏదో సర్దుబాటు చేశాడు."

ఆ అమ్మాయి పక్కనుంచి నల్లటి రబ్బరు ముక్క తీసి చూపించింది. పాత ట్యూబునుంచి గుండ్రంగా కత్తిరించి, మధ్యలో చిల్లు పెట్టింది. పనితనం బావుంది. "ఇది సెన్సరుకీ ఇంజనుకీ మధ్య పెట్టారు. ఇనుము ఇనుముకి ఆనితేనే దానికి చప్పుడు తెలుస్తుంది. మధ్యలో రబ్బరు పెడితే చెవిలో దూది పెట్టినట్టే. తీగ పీకేసి ఉంటే డాష్‌బోర్డులో దీపం వెలిగి చెప్పేది. ఇలా పెడితే డబ్బా అంతా బావుందనే అనుకుంటుంది. అందుకే నిప్పురవ్వని ముందుకి, ఇంకా ముందుకి తెచ్చుకుంది. లోపల చప్పుడొస్తున్నా వినపడలేదు." ఆగి, చిన్న సీసా ఒకటి చూపించింది. "ట్యాంకులోది. వాసన చూడండి."

రంగు కలిపే షాపు వాసన వేసింది.

ఇంటికి వెళ్ళేముందు ఆమె అన్నయ్య ఇంట్లో ఆగింది. వదిన ఒక్కతే ఉంది. "ఆయన చెవి సంగతి నీకు తెలీదా?" అంది వదిన, ఆశ్చర్యంగా. "రెండేళ్ళుగా పొయ్యిమీద కుక్కరు కూత పెట్టినా వినపడదు. ఫోను మోగితే నేనే తీసివ్వాలి. లావు గొంతులు వినపడతాయి, సన్నవే వినపడవు. డాక్టరు దగ్గరికి పదండంటే నా మీద లేచాడు. చెవి మేస్త్రికి చెముడని తెలిస్తే షెడ్డు మూసుకోవాలన్నాడు. నీకు చెప్పొద్దన్నాడు."

ఆ సాయంత్రం భర్తనీ అన్నయ్యనీ వరండాలో కూర్చోబెట్టింది. సీసా, రబ్బరు ముక్క వాళ్ళ మధ్య స్టూలు మీద పెట్టి, ఏది ఎక్కడ దొరికిందో చెప్పింది.

పరపతే ముందు అందుకున్నాడు. "ఏంటిది బావా, ఇంజనులో రబ్బరు పెట్టావా?"

"నువ్వు పోసిన పెట్రోలుకి ఇంకేం పెట్టాలి?" అన్నాడు మేస్త్రి. "మూత తీస్తే థిన్నరు కంపు. అసలు ఏ బంకుది?"

"ట్యాంకరు డ్రైవరు మనవాడే. కాస్త చవగ్గా ఇస్తాడు. ఆరునెల్లుగా పోయిస్తున్నా, ఏమైంది? నువ్వు చెయ్యి పెట్టేదాకా బండి నడుస్తూనే ఉంది కదా."

"నడిచింది, ఈడ్చుకుంటూ. నువ్వే కదా భయం పోగొట్టమన్నావు."

తిలాపాపం తలా పిడికెడు అన్నట్టు కాసేపు ఒకరి మీద ఒకరు పోసుకున్నారు. ఆమె వింటూ కూర్చుంది. ఎవరో ఒకరు తన వైపు తిరిగి ఒక మాట అంటారని ఎదురుచూసింది. "పొరపాటైంది" అనో, కనీసం "పాపం ఆ ముసలాయన" అనో.

"నాకు చప్పుడు వినపడిందన్నయ్యా" అంది చివరికి. "నీకు చెప్పాను. నీకు వినపడలేదు. నీకు రెండేళ్ళుగా వినపడదట."

మేస్త్రి ముఖంలో నెత్తురు చుక్క లేదు. బావ ముందు చెల్లెలు తన బట్టలు లాగేసినట్టు చూశాడు. రబ్బరు ముక్క తీసి వేళ్ళ మధ్య నలుపుతూ మెల్లగా అన్నాడు. "చప్పుడు వినపడితే నువ్వెందుకు కాలు తియ్యలేదు?"

పరపతి అందిపుచ్చుకున్నాడు. "అదీ మాట. ఎంత మంచి బండైనా ఎండలో, ఎక్కుడులో, గేరు మార్చకుండా అలా తొక్కిపెడితే ఉంటుందా? రెండో గేరులోకి దిగాల్సింది."

"అవును, గేరు దింపాల్సింది" అన్నాడు మేస్త్రి.

అప్పటిదాకా ఎడమొహం పెడమొహంగా ఉన్న బావలిద్దరూ ఒక్క మాట మీదికి వచ్చేశారు. ఆ దారి ఎంత వాలుగా ఉందో, అక్కడ ఏ గేరు వేయాలో, కంగారులో ఆడవాళ్ళు ఎలా మర్చిపోతారో ఒకరి తరవాత ఒకరు చెప్పుకున్నారు. ఆడలేక మద్దెల ఓడు అన్నట్టు బండిని అనకూడదన్నాడు పరపతి. పదిరోజులు తిరక్కుండా టీ కొట్టు దగ్గర అదే కథ స్థిరపడింది. డ్రైవరమ్మ గేరు మార్చడం మర్చిపోయిందట. ఎంతైనా ఆడకూతురు, భయపడి ఉంటుంది పాపం.

తపాలాయన ఒకరోజు ఇంటికొచ్చాడు. గడ్డం మాసి, చొక్కా వదులై, సగమైపోయినట్టున్నాడు. అప్పుడూ ఇద్దరు బావలూ వరండాలోనే ఉన్నారు. ఆయన ఆమె వేసిన కుర్చీలో కూర్చుని, ఆమె ఇచ్చిన మంచినీళ్ళ గ్లాసు చేత్తో పట్టుకుని, "నీ బండి పాడైపోయిందట కదమ్మా. నా మూలంగానే కదా. అందుకే చూసిపోదామని వచ్చాను" అన్నాడు.

ఆ మాట ఆమె తట్టుకోలేకపోయింది.

"మీ మూలంగా కాదు బాబాయ్‌గారూ" అంది. "మా ఆయన కల్తీ పెట్రోలు పోయించాడు. అది పడక బండి తనని తాను కాచుకుంటుంటే మా అన్నయ్య దాని చెవికి రబ్బరు అడ్డం పెట్టాడు. నాకు చప్పుడు వినపడుతున్నా నమ్మలేదు. అందుకే ఆగిపోయింది. లేకపోతే ఆ రోజు మీరు వేళకి చేరేవారు."

పరపతి లేచి లోపలికి పోయాడు. మేస్త్రి తేలు కుట్టిన దొంగలా నేల చూస్తూ ఉండిపోయాడు. 

పెద్దాయన చేతిలో మంచినీళ్ళ గ్లాసు అలాగే ఉండిపోయింది. "ఎందుకు చెప్పావమ్మా?" అన్నాడు.

"నిజం కదా బాబాయ్‌గారూ."

"యంత్రం కదా, ఆగిపోయింది అనుకున్నాను. నా రాత అలా ఉందనుకున్నాను. రాతనైతే తిట్టుకుని పడుకోవచ్చు." మేస్త్రి వైపు ఒకసారి చూశాడు. మేస్త్రి ఇంటికీ ఈ ఇంటికీ ముప్ఫయ్యేళ్ళు ఉత్తరాలు అందించిన మనిషి ఆయన. "ఇప్పుడు పడుకుంటే వీళ్ళిద్దరి మొహాలు కనపడతాయి." నీళ్ళు తాగకుండా గ్లాసు కింద పెట్టి, గోడ పట్టుకుని మెట్లు దిగాడు.

ఆమె ఆ కారుని మళ్ళీ నడపలేదు. పరపతి ఎవరో మనవాడి దగ్గర పాత ఇంజను సంపాదించి వేయించి, దాన్ని వేరే డ్రైవరుకి ఇచ్చేశాడు. అడుగుదామనుకుని అడగలేదో, అడిగితే ఒప్పుకోదని తెలుసో, ఆమెని మాత్రం ఒక్క మాట అడగలేదు. చెవి మేస్త్రి షెడ్డు ఎప్పట్లాగే ఉంది. అతను నెలరోజులు చెల్లెలి వాకిలి తొక్కలేదు గానీ, తరవాత ఒక సాయంత్రం వచ్చి వరండాలో కూర్చున్నాడు. బావలిద్దరూ ఎన్నికల గురించి మాట్లాడుకున్నారు. ఆమె ఇద్దరికీ టీ ఇచ్చింది. ఇవ్వకుండా ఉండాలని వంటింట్లో నిలబడి చాలాసేపు అనుకుని మరీ ఇచ్చింది.

చలికాలంలో కొండమీది ఆసుపత్రివాళ్ళు సిబ్బంది బస్సుకి డ్రైవరు కావాలంటే వెళ్ళి చేరింది. నర్సులని, ఊడ్చేవాళ్ళని పొద్దున్నే ఎక్కించుకుని పైకి, సాయంత్రం కిందికి. డీజిలు బస్సు. ఇంజను చప్పుడు ముందే పెద్దది, మాటలు కూడా వినపడవు. రోజూ నాలుగో మలుపు వస్తుంది, పోతుంది.

ఒకనాడు సాయంత్రం ఆసుపత్రి గేటు దగ్గర తపాలాయన నిలబడి ఉన్నాడు. భార్య చక్రాల కుర్చీ ఎవరికైనా పనికొస్తుందని ఇచ్చేసి వస్తున్నాడట. ఊరి బస్సు వెళ్ళిపోయింది. ఆమె తలుపు తీసి పిలిచింది. ఆయన కొంచెం తటపటాయించి ఎక్కి, ఆమె వెనక సీట్లోనే కూర్చున్నాడు. దారంతా కిటికీలోంచి చూస్తూ కూర్చున్నాడు. ఏ ఇంటి కుక్క గురించీ చెప్పలేదు.

పేట మొదట్లో దిగేముందు మాత్రం కడ్డీ పట్టుకుని ఆగాడు. నర్సులు అప్పటికే దిగిపోయారు.

"ఒక మాటమ్మా. ఏమీ అనుకోవు కదా?"

"చెప్పండి."

"టీ కొట్టు దగ్గర వాళ్ళేదో అంటుంటే విన్నాను. నువ్వు గేరు మార్చడం మర్చిపోయావని." ఆయన గొంతు సవరించుకున్నాడు. "అది అబద్ధమని నాకు తెలుసు. నువ్వు చెప్పిందే నిజం. కానీ అమ్మా, నేను అదే నమ్ముదామనుకుంటున్నాను. కంగారులో నీ వల్ల పొరపాటు జరిగిందంటే, నువ్వు నా కోసమే కంగారుపడ్డావు కనక, నిన్ను క్షమించడం నాకు తేలిక. వాళ్ళని నా వల్ల కావడం లేదు. ఎన్నాళ్ళున్నానో తెలీదు, ఈ కోపం పెట్టుకుని బతకలేను. నువ్వు ఒప్పుకుంటే అలా అనుకుంటాను."

ఆమె స్టీరింగు మీద చేతులు పెట్టుకుని ముందు అద్దంలోంచి రోడ్డు చూసింది. వీధి దీపాలు అప్పుడే ఒకటొకటిగా వెలుగుతున్నాయి.

"అలాగే అనుకోండి బాబాయ్‌గారూ" అంది.

ఆయన ఆమె భుజం మీద చెయ్యి వేసి, నిజంగానే క్షమిస్తున్నవాడిలా మెత్తగా తట్టి, దిగిపోయాడు. ఆయన ఇంటి తలుపు తెరుచుకునేదాకా ఆగి, ఆమె బస్సుని షెడ్డుకి తిప్పింది.